ఒకే వాన, మూడు పద్దులు

హైదరాబాద్ చుట్టుపక్కల ఏ పాత ఊరి నేలను చూసినా అమరిక ఒకేలా ఉంటుంది. పల్లంలో చెరువు, కట్ట కింద వరి. చెరువుకు ఎగువన, వానే దిక్కైన ఎర్ర చెల్కల్లో జొన్న, కంది, ఆముదం. కట్ట వాలులో, వాగు గట్ల మీద, నాగలి దిగని బంజరులో ఈత, తాడి. ఏ.ఎస్. రావు నగర్‌కు దగ్గర్లోని కాప్రా ఊర చెరువు కూడా ఈ కోవలోదే. ఇప్పుడు దాని చుట్టూ ప్రహరీలు, అపార్టుమెంట్లు, నీటి మీద గుర్రపుడెక్క, ఒడ్డున మురుగు. పక్షులు మాత్రం చలికాలంలో మానకుండా దిగుతున్నాయి.

ఈ నేలనంతా నిజాం సర్కారు మూడు దస్తరాల్లో రాసుకుంది. చెరువు కింద సాగయ్యేది తరి. వానాధారంగా సాగయ్యేది ఖుష్కి. ఇక చెట్టు సంగతి వేరు. అది ఎవరి పట్టాలో మొలిచినా దాని కల్లు మీద పెత్తనం ఆబ్కారీ శాఖది. దున్నేవాడి కంటికి ఇవి మూడుగా కనపడవు. పడ్డది ఒకే వాన. అందులో పారినది చెరువుకు, ఇంకినది చెల్కకు, ఈ రెండింటికీ చిక్కని అడుగు తేమ ఈత చెట్టుకు. ఈ మెట్ట పీఠభూమి మీద ఊళ్లు ఇన్ని వందల ఏళ్లు నిలిచాయంటే ఈ పంపకం వల్లేనని నా నమ్మకం. ఆ పంపకం చెడిందంటే మాత్రం కరువుల మీద నెట్టి ఊరుకోలేం. మూడు పద్దులనూ ముగ్గురు చూసుకున్నారు, ఎవరికీ పక్కవాడి పద్దు పట్టలేదు.

1967లో అణుశాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఈసీఐఎల్) కాప్రా పక్కకు వచ్చింది. దాని వెంట ఉద్యోగులు, వాళ్ల వెంట ప్లాట్లు వచ్చాయి. ఈసీఐఎల్ వాళ్లు ఇళ్లు కట్టుకున్న కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఇప్పుడు నగరానికి కృష్ణా నీరూ గోదావరి నీరూ గొట్టాల్లో వస్తున్నాయి. గోదావరిదైతే ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అంత దూరం నుంచి నీళ్లు తెచ్చుకోగలిగిన ఊరికి పక్కనున్న చెరువు అవసరం తోచకపోవడంలో వింతేమీ లేదు.

ఎడారికి ఒక మెట్టు ఇవతల

హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. లండన్‌లో పడేది ఇంతకంటే తక్కువే. అయితే అక్కడ ఏడాది పొడవునా తుంపరలు. ఇక్కడ జూన్ నుంచి అక్టోబరు లోపు నాలుగు గట్టి వానలు కురిసి ముఖం చాటేస్తాయి. పైగా అడుగున గ్రానైట్. మొరం పొర దాటితే నీరు నిలవడానికి పగుళ్లే ఆధారం. నదుల ఒండ్రు నేలల్లా ఈ భూమి నీటిని కడుపులో దాచుకోలేదు. అందుకని నేల పైనే ఆపాలి. చెరువు పుట్టింది అందుకే.

తెలుగు నేల మీద నిజంగా ఎడారి వాసన తగలాలంటే అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్ మండలాలకు వెళ్లాలి. వేదవతి నది ఒడ్డున, ఆ పక్కవాళ్లు హగరి అంటారు, దర్గాహొన్నూరు, గోవిందవాడ లాంటి ఊళ్ల దగ్గర ఇసుక దిబ్బలు ఉన్నాయి. వానాకాలంలో వాన బదులు పడమటి గాలి వస్తుంది. ఎండిన ఏటిలోంచి ఇసుకను లేపి పొలాల మీద పోస్తుంది. ఒక ఏడు విత్తిన మడి మరుసటి ఏటికి దిబ్బ కావచ్చు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కొర్ర, జొన్న, సజ్జ తిని బతికిన ఆ జిల్లా గత శతాబ్దంలో వేరుశనగ వెంట పడింది. పంట పోతే మునుపు తిండిగింజలు తగ్గేవి, ఇప్పుడు అప్పు పెరుగుతుంది.

ఆ జిల్లాలోనే బుక్కరాయసముద్రం చెరువుంది. 14వ శతాబ్దంలో బుక్కరాయల కాలంలో కట్టారు. గండి పడబోతున్న కట్టను కాపాడేందుకు ముసలమ్మ అనే కోడలు ప్రాణమిచ్చిందని అక్కడి కథ. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యం దాని మీదే. నరబలి కథల్ని అమాయకత్వమని కొట్టిపారేయొచ్చు. కానీ ఊరి బతుకంతా ఒక మట్టికట్ట మీద ఆనుకుని ఉన్నప్పుడు, ఆ కట్ట తెగే రాత్రి జనం ఎంత భయపడేవారో ఆ కథ చెప్పినంత సూటిగా ఏ రెవెన్యూ రికార్డూ చెప్పదు.

తూము, నీరటి, తైబందీ

చెరువు కట్టడం గురించి తెలుగు నేల మీద దొరికిన శాసనాల్లో పోరుమామిళ్లది నాకు అన్నింటికన్నా ఇష్టం. కడప జిల్లాలో, 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. దానం చేశాం, పుణ్యం వచ్చింది అని ఊరుకోకుండా ఆ శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెబుతుంది. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిగా ఉండాలి, మంచినీటి ఏరు ఉండాలి, రెండు కొండల నడుమ పొడవు తక్కువైన రాతికట్ట పడాలి, రాయి దొరికే గని ఉండాలి, పని తెలిసిన కూలీలు ఉండాలి. తర్వాత ఆరు దోషాలు: కట్ట నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్లు పట్టిందని కూడా అందులోనే ఉంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టొద్దని 1369లోనే రాసుకున్నవాళ్ల వారసులం, మన నదుల పంచాయితీలు ట్రిబ్యునళ్లలో ఎన్నేళ్లుగా నలుగుతున్నాయో చూస్తున్నాం.

కాకతీయులు తెలంగాణలో ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. రామప్ప, పాకాల, లక్నవరం వాళ్లవే. పేరున్న ఈ పెద్ద చెరువుల కంటే ఊళ్ల వెంబడి గొలుసుకట్టుగా సాగిన చిన్న చెరువులే అసలు ఘనత. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కిందిదాంట్లోకి చేరుతుంది. గొలుసుకు ఉన్న బలమూ బలహీనతా రెండూ హైదరాబాద్ కళ్లారా చూసింది. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. పైన పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని ఆయన లెక్క తేల్చారు. ఒకటి తెగితే దాని నీటి బరువు కిందిదాని మీద పడుతుంది, అదీ తెగుతుంది. ఆ తర్వాత వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్.

ఊరి చెరువులో తూము దగ్గర జరిగే పని చూడండి. నీటిలో నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా పలకలు, పలకలకు ఒకదాని కింద ఒకటిగా రంధ్రాలు. రంధ్రంలో చెక్క బిరడా, బిరడాకు పొడవాటి గడ. నీటి మట్టం దిగేకొద్దీ కింది రంధ్రాన్ని తెరుస్తారు. గడ బిగుసుకుంటే, నీటిని పంచే పనివాడైన నీరటి నీళ్లలో మునిగి బిరడా కదిలించాలి. అవతల కాలువలో నీరు ఎంత మందాన పారుతోందో చూసి గడను వేళ్ల మందం పైకో కిందికో జరుపుతాడు. మీటరూ లేదు, గేజీ లేదు. ఏ మడికి ఏ రాత్రి వంతు వచ్చిందో, ఎవడు గట్టు కోసి దొంగతనంగా మళ్లించాడో అతనికే తెలుసు. కూలి కింద కళ్లం దగ్గర ఇంత అని గింజలు. చాలాచోట్ల ఈ నీరటి పని దళితులది. వాళ్లకు ఆయకట్టులో గుంట భూమి లేకపోవడం వల్లే పంపకంలో పక్షపాతం ఉండదని ఊరు నమ్మేది. ఆ నమ్మకంలోని న్యాయాన్నీ అన్యాయాన్నీ పాఠకులే బేరీజు వేసుకోవచ్చు.

నీరు తక్కువైన ఏడు తైబందీ ఉండేది. చెరువులో ఎంత నీరుందో చూసి, ఎన్ని ఎకరాలు పారుతుందో ముందే తేల్చి, అంతవరకే నాటుకోవాలని కట్టడి. వానాకాలం వరిని ఆబి అని, వేసవి వరిని తాబి అని లెక్కలు రాసేవారు. తాబికి నీరు చాలదంటే చాలదు, అంతే. చెరువు కట్టినవాడికీ బాగు చేసినవాడికీ దశబంధం ఇనాం ఇచ్చే ఆనవాయితీ కూడా ఉండేది. ఆదాయంలోనో భూమిలోనో ఒక వాటా. ప్రభుత్వం ఖజానా నుంచి రూపాయి తీయకుండానే మరమ్మతు జరిగే ఏర్పాటిది. ఎండాకాలంలో పూడిక మట్టిని రైతులే బళ్ల మీద చెల్కలకు తోలుకునేవారు. చెరువుకు లోతు, చేనుకు ఎరువు.

జొన్న చేను లెక్క వేరు

తరి పద్దు మీద రాజులకూ కవులకూ ఉన్న మక్కువ ఖుష్కి మీద లేదు. శాసనాలన్నీ చెరువు కిందివే. కానీ జనాభాలో ఎక్కువమంది తిన్నది చెల్కలో పండినది. జొన్న రొట్టె, జొన్న గటక, అంబలి. వరి అన్నం పండుగ పూట. చెల్క రైతు ఒకే పంట వేయడు. జొన్న నడుమ అంతర సాళ్లుగా కంది, పెసర, బొబ్బర వేస్తాడు. పెసర ముందు వస్తుంది, జొన్న తర్వాత, కంది చలికాలం దాటాక. వాన ముందు ఎగ్గొడితే ఒకటి పోతుంది, వెనక ఎగ్గొడితే ఇంకొకటి. మూడూ ఒకేసారి పోవు. వేర్ల లోతులు వేరు కాబట్టి తేమ కోసం కొట్లాట కూడా తక్కువ. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి దళిత మహిళా రైతులతో కలిసి ఈ విత్తనాలనే, ఈ పద్ధతినే నిలబెట్టుకుంటూ వస్తోంది. దానికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇదే 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకమది, దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాడికి లేదు. అయితే జొన్న మీద దాని దెబ్బ కూడా పడింది. చౌక దుకాణంలో బియ్యం దొరికాక చెల్కలో జొన్న ఎవరికి? ఆ చోటును పత్తి, మక్క ఆక్రమించాయి. బోర్లు దిగాయి. చెల్కలో కూడా వరి మొదలైంది. బోరు ఉన్నవాడికి చెరువు కమిటీతో పనిలేదు, తైబందీతో అసలే లేదు.

పొయ్యి లేని సారాయి బట్టీ

ఇక చెట్టు. ఈ కథలో అందరూ మొహమాటపడే భాగం ఇదే. నాకైతే అన్నిటికంటే తెలివైనదీ ఇదే అనిపిస్తుంది.

నీరు కరువైన దేశంలో మత్తు పానీయం తయారు చేయడం ఖరీదైన పని. బీరు కాయాలంటే ధాన్యం కావాలి, దాన్ని నానబెట్టాలి, మొలకెత్తించాలి, ఉడికించాలి, చల్లార్చాలి. ఒక లీటరు బీరు వెనక ఎన్నో లీటర్ల నీరుంటుంది. సారాకైతే కట్టెలు, ఆవిరిని చల్లబరిచే నీళ్లు. కల్లుకు ఇవేవీ అక్కర్లేదు. చెట్టు అడుగు తేమను పైకి లాగి, ఎండతో చక్కెర చేసి, లొట్టిలోకి చుక్కచుక్కగా దించుతుంది. మిగతా పని లొట్టికి అంటుకున్న ఈస్టు చేస్తుంది. ధాన్యపు గింజ ఒక్కటి ఖర్చు కాదు, చెంబు నీళ్లు పోయరు, పుల్ల వెలిగించరు.

తెల్లవారుజామున తాటి చెట్టెక్కే గీత కార్మికుడి నడుముకు ముస్తాదు, చెట్టునూ తననూ చుట్టి మోకు, పాదాలకు బందం. మోకు మీద వెనక్కి వాలి బరువు ఆన్చి, పాదాలు పైకి జరుపుతాడు. మళ్లీ ముందుకు ఒరిగి మోకును పైకి విసురుతాడు. పైన మట్టల నడుమ చేరి గెల కొసను కాగితమంత పలుచగా చెక్కుతాడు. మందం ఎక్కువైతే గెల త్వరగా అయిపోతుంది, తక్కువైతే పాత గాయం మూసుకుపోయి చుక్క ఆగిపోతుంది. కత్తి మొద్దుబారిందంటే ఆ రోజు రాబడి పోయినట్టే. అందుకే గీత కత్తిని ఇంట్లో కూడా ఇంకొకరు ముట్టుకోకూడదు. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. సున్నం లేకపోతే దించేసరికే నురగ మొదలై, మధ్యాహ్నానికి పులుపు తిరిగి, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. మరునాటికి పారబోయడమే. తాటాకు రేకలో పోసుకుని తాగే ఈ సరుకును నిలవ చేయలేరు, దూరం పంపలేరు. చెట్టు ఉన్న ఊళ్లోనే అమ్మాలి.

ఈతకు పద్ధతి వేరు. కాండాన్నే, మొవ్వు కింద, చెక్కి గీస్తారు. ఒక ఏడు గీసిన పక్కకు ఎదురు పక్కన తర్వాత గీస్తారు. నడుమ చెట్టుకు విరామం ఇవ్వాలి. గీసిన ప్రతిసారీ ఒక గంటు మిగులుతుంది. ముసలి ఈత చెట్టు అటూ ఇటూ మెలి తిరిగినట్టు పెరగడానికి కారణం ఆ గంట్లే. వాటిని లెక్కబెడితే అది ఎన్ని సీజన్లు కల్లు ఇచ్చిందో తెలిసిపోతుంది. ఈత చలికాలపు చెట్టు, తాడి ఎండాకాలపు చెట్టు. చేలో పని లేని నెలలన్నీ ఈ రెండే నింపుతాయి. ఇంజనీర్లు కట్ట మీద పెద్ద చెట్లు వద్దంటారు. వేరు కుళ్లిన చోట నీరు దారి చేసుకుంటుందని వాళ్ల భయం. ఈత, తాడి వేళ్లు మాత్రం పీచులా మట్టిని పట్టుకుంటాయి. పాత కట్టల అంచున ఇవి కనిపించడం యాదృచ్ఛికమని నేననుకోను.

అరబ్బు ఎడారుల ఒయాసిస్సుల్లో ఈతకు దగ్గరి చుట్టమైన ఖర్జూరం ఉంటుంది. అక్కడ ఖర్జూరం నీడలో పండ్ల చెట్లు, వాటి నీడలో గింజ పంటలు. ఒకే నీటిని మూడు అంతస్తుల్లో వాడుకుంటారు. మన దగ్గర ఆ మూడు అంతస్తులూ పక్కపక్కన పరుచుకుని ఉన్నాయి, అంతే తేడా.

కల్లు సొమ్ముతో నడిచిన రాజ్యం

చెట్టు నీళ్లడగదు, ఎరువడగదు, కరువులోనూ పండుతుంది. ఏ సర్కారుకైనా ఇంతకంటే మంచి శిస్తు దొరకదు. నిజాం రాజ్యంలో సేంధి, అంటే కల్లు, మీద రాబడి పెద్ద పద్దుల్లో ఒకటైంది. ఆబ్కారీ గుత్తలు వేలం పాడిన కంట్రాక్టర్లు, చెట్లకు నంబర్లు, గీసేవాడికి దినకూలి. ఊళ్లో దొరకు మాత్రం కల్లు ఉచితం. వెట్టి జాబితాలో గౌడల కల్లు కూడా ఉండేది.

చెట్టెక్కేవాళ్లు తలెత్తిన చరిత్ర ఇంకా పాతది. ఔరంగజేబు చివరి రోజుల్లో, ఆ తర్వాతి గందరగోళంలో జనగామ ప్రాంతపు సర్వాయి పాపన్న షాపూర్ కోట కట్టి, 1708లో వరంగల్ మీద పడ్డాడు. 1710లో మొఘలు సైన్యానికి చిక్కి చనిపోయాడు. పట్టుబడటానికి ముందు కల్లు దుకాణం దగ్గరే అతన్ని గుర్తుపట్టారని కథనం. ఖాఫీ ఖాన్ లాంటి మొఘలు చరిత్రకారుడు అతన్ని దొంగల నాయకుడిగా రాస్తే, తెలుగు జనం పాట కట్టుకున్నారు. ఆ పాటను 1874లో బాయిల్ అనే ఇంగ్లిషు అధికారి అచ్చు వేయించాడు.

1947లో హైదరాబాద్ సంస్థానాన్ని భారత యూనియన్‌లో కలపాలని కాంగ్రెస్ ఉద్యమించినప్పుడు సేంధి చెట్లు నరకడం కార్యక్రమాల్లో ఒకటి. ఖజానాను దెబ్బతీయాలంటే చెట్టును పడగొట్టాలి. రాజకీయంగా లెక్క సరైనదే. కానీ గొడ్డలి తగిలిన చెట్టు మీద ముందు బతికేది నిజాం కాదు, గీసేవాడు. నల్లగొండ జిల్లాలో బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికులను సంఘటితం చేసి, చెట్టు కంట్రాక్టరుకు కాకుండా గీసేవాడికే దక్కాలని పోరాడారు. తర్వాత వచ్చిన కల్లు సహకార సంఘాలకు, చెట్టువారీ లైసెన్సులకు ఆ పోరాటమే పునాది.

కోస్తా, రాయలసీమల్లో కథ ఇంకోలా నడిచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడపలకు విస్తరించారు. యుద్ధ కాలంలో అది ఆగింది. 1946లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం తిరిగి తెచ్చింది. కల్లూ సారా ఒకే గాటన కట్టిన నిషేధమది. గీత కులాల పొట్ట కొట్టింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక గౌతు లచ్చన్న నాయకత్వంలో కల్లుగీత సత్యాగ్రహం సాగింది. నిషేధం ఎత్తేయాలని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రకాశం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. తెలుగువాళ్ల తొలి రాష్ట్రంలో తొలి మంత్రివర్గాన్ని కూల్చిన సమస్య తాటిచెట్టుది.

మరుసటి ఏడు, 1955లో, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తెలంగాణ భవిష్యత్తు గురించి రాస్తూ ఆ ప్రాంతానికి రాబడి ఎందుకు ఎక్కువో చెప్పింది. భూమిశిస్తు భారం ఎక్కువ కావడం ఒక కారణం, ఏటా సుమారు ఐదు కోట్ల ఎక్సైజు రాబడి మరో కారణం. ఆంధ్రలో నిషేధం, తెలంగాణలో దుకాణం. విలీనం వల్ల ఎవరికి లాభం అన్న వాదనలో ఈ ఐదు కోట్లూ ఉన్నాయి. అందులో ఎన్ని రూపాయలు చెరువు మరమ్మతుకు వెళ్లాలి అని అడిగినవాళ్లు తక్కువ. ఆబ్కారీ పద్దు ఖజానాకు పోయేది, తరి పద్దు నీటిపారుదల వాళ్లది. చెట్టు ఏ కట్ట మీద నిలబడిందో ఆ కట్టకు చెట్టు సొమ్ము రాలేదు.

చెట్టు లేని కల్లు

నగరం పెరిగాక మూడు పద్దులూ విడివిడిగా చెడ్డాయి. చెల్కలు లేఅవుట్లయ్యాయి. చెరువు లోపలి శిఖం భూములకు పట్టాలు పుట్టాయి. కట్ట మీద ఈతలు రోడ్డు వెడల్పుకు పోయాయి. కల్లుకు గిరాకీ మాత్రం తగ్గలేదు. కూలికి వచ్చిన జనంతో ఇంకా పెరిగింది. చెట్టు లేకుండా కల్లు ఎక్కడి నుంచి వస్తుంది? నీళ్లలో చక్కెర, శాకరిన్, వాటిలో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలం. 2004లో మూతపడిన నగర కల్లు దుకాణాలను 2014లో మళ్లీ తెరిచారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. రోజూ తాగేవాడికి దుకాణం మూస్తే పిచ్చెక్కినట్టు కావడం కల్లు వల్ల కాదు, ఆ మాత్రల వల్ల. పదిహేను ఇరవై చెట్ల కల్లు ఊరికి సరిపోయే రోజుల్లో ఈ జబ్బు లేదు. చెట్టు ఇచ్చినంతే తాగాలన్న హద్దును చెట్టే పెట్టేది.

గీసేవాళ్ల కష్టం కూడా దాచకూడదు. ఏటా ఎందరో చెట్ల మీంచి పడుతున్నారు. నడుము విరిగి మంచాన పడినవాళ్లు గౌడల వాడల్లో కనిపిస్తారు. పిల్లలు చెట్టెక్కడానికి ఇష్టపడకపోవడం పూర్తిగా సబబు. 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో జారిపడకుండా ఆపే తాళ్ల కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడల దేవుడు. చెట్టెక్కే ముందు ఆయనకు దండం పెట్టుకోవడం తరతరాల అలవాటు, తాడు ఇప్పుడు వచ్చింది. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. పులియని నీరాను చల్లగా కాపాడుతూ నగరం దాకా తేవడం ఖర్చుతో కూడిన పని. కల్లు ఎందుకు పల్లె సరుకుగా మిగిలిందో ఆ శీతల యంత్రాల బిల్లు చూస్తే అర్థమవుతుంది.

చెరువుల సంగతికొస్తే, 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు లెక్కకొచ్చాయి. అందులో నాకు నచ్చింది పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకోవాలన్న నిబంధన. పాత ఆనవాయితీని టెండర్ల భాషలో తిరిగి రాసినట్టు. అదే ఏడు మొదలైన మొక్కలు నాటే పథకం హరితహారంలో చెరువు కట్టల మీద ఈత, తాటి మొక్కలు నాటే పని కూడా చేర్చారు. ఈత మొక్క కల్లుకు రావడానికి ఏళ్లు పడుతుంది, తాటి ఇంకా ఎక్కువ. ఆ మొక్కల్లో ఎన్ని బతికాయన్నది నాటిన లెక్కల్లో ఉండదు, కట్ట మీద నడిచి చూస్తే తెలుస్తుంది.

మూడింటినీ ఒకే కాగితం మీద పెట్టిన ప్రయత్నం ఒకటి ఉంది. 2002 నాటి వాల్టా చట్టం. నీరు, భూమి, చెట్టు మూడూ దాని పేరులోనే ఉన్నాయి. బోరు వేయాలంటే అనుమతి, చెట్టు కొట్టాలంటే అనుమతి, ఇంటి దగ్గర ఇంకుడు గుంత. ఏ.ఎస్. రావు నగర్‌లో ఏ అపార్టుమెంటు సంఘాన్నడిగినా ఇంకుడు గుంత ఉందనే చెబుతారు. చాలావాటి మీద ఇప్పుడు బైకులు పార్కు చేసి ఉంటాయి. కాప్రా చెరువులోకి మురుగు రాకుండా చూడాల్సిన శాఖ ఒకటి, చెరువు హద్దులు చూసే శాఖ ఒకటి, కట్ట మీద ఈత చెట్టు మిగిలి ఉంటే దానికి నంబరు వేసే శాఖ ఇంకొకటి.